‘రిక్రూట్’ శబ్దం: పునర్వృద్ధి నుండి భర్తీ వరకు

శబ్దానికి ఆయుర్దాయం మనిషికంటె ఎక్కువ. మనిషి మూడు తరాలను చూస్తే దీర్ఘాయువు అంటారు. శబ్దం ముప్పై తరాలు చూసి, ఇల్లు మారి, దేశం మారి, కట్టుబొట్టు మార్చుకొని, పుట్టింటి పేరు మరచిపోయిన తరువాత కూడా బ్రతికే ఉంటుంది. అలా పుట్టిల్లు మరచిన మాటలలో ‘రిక్రూట్’ ఒకటి. ఆంగ్లభాష రానివారికి కూడా ఈనాడు ఈ మాట వచ్చు. పోలీసు రిక్రూట్‌మెంటు, బ్యాంకు రిక్రూట్‌మెంటు, ఆర్మీ రిక్రూట్‌మెంటు అని పల్లెలోని తల్లిదండ్రులు సైతం తడబడకుండా పలుకుతారు. ఉద్యోగంలోకి తీసుకోవడమని దాని అర్థం అందరికీ విదితమే. అయితే విదితమైన ఆ అర్థం అడుగున అవిదితమైన అర్థం ఒకటి నిలిచి ఉంది. దానిని వెలికి తీయడం కేవలం కోశకారుల వినోదం కాదని ముందు తెలియవస్తుంది.

ఈ విచారణకు నిమిత్తమైనది చాల చిన్న సంఘటన. ఒక ప్రాచ్య కళాశాలలో ముప్పై ఏండ్లకు పైగా వ్యాకరణం బోధించి, మరి నాలుగు మాసాలలో విశ్రాంతి పొందవలసిన అధ్యాపకుని వద్దకు ద్వితీయ సంవత్సర విద్యార్థి ఒకడు సెలవుచీటీ తెచ్చాడు.

“గురువుగారూ, ఆర్మీ రిక్రూట్‌మెంటు ర్యాలీకి వెళ్లాలండి. మూడు రోజులు సెలవు ఇప్పించండి.”

ఆయన కలం తీసుకొని అలవాటు చొప్పున అడిగారు. “రిక్రూట్‌మెంటు అంటే ఏమిటి నాయనా?”

“భర్తీ అండి.”

“భర్తీ అంటే?”

“ఖాళీలు నింపడం అండి.”

“ఎవరు వెళ్లిపోతే వచ్చిన ఖాళీ?”

విద్యార్థి కొంచెం ఆలోచించి, “అది ప్రకటనలో వ్రాయరండి” అన్నాడు. అధ్యాపకుడు నవ్వి సంతకం చేశారు. సెలవుచీటీ కార్యాలయానికి వెళ్లింది కాని ప్రశ్న ఆయన వద్దనే ఉండిపోయింది. పాణినీయంలో ప్రతి పదానికీ ప్రకృతిప్రత్యయాలు విడదీసి చూపే మనిషికి, నోట నానుతున్న ఒక పరభాషా పదానికి ప్రకృతి ఏదో తెలియకపోవడం కొరతగా తోచింది. ఆ సాయంకాలం ఆయన గ్రంథాలయంలో ఆంగ్ల నిఘంటువుల బీరువా తెరిపించారు.

మనుష్యులను సేనలోనో కొలువులోనో చేర్చుకోవడానికి ఆంగ్లంలో ఈ ఒక్క మాటే లేదు. ఎన్‌లిస్టు, ఎన్‌రోలు, కాన్‌స్క్రిప్టు, లెవీ, మస్టరు అనేవి దీని సవతులు. వీటి పుట్టుక చూస్తే ఒక విశేషం బయటపడుతుంది. ‘లిస్టు’ మొదట అంచు, పేలిక అనే అర్థాలున్న జర్మానిక్ శబ్దం. సన్నని కాగితపు పట్టీకి, తరువాత ఆ పట్టీమీద వ్రాసిన పేర్ల వరుసకు అది సంకేతమైంది. ‘రోలు’ చిన్న చక్రమనే అర్థం గల లాటిన్ ‘రోటులుస్’ నుండి వచ్చింది. చుట్టగా చుట్టిన పత్రమే రోలు. ‘కాన్‌స్క్రిప్టు’ అంటే కలిపి వ్రాయబడినవాడు. ‘లెవీ’ ఎత్తడం, పైకి లేపడం అనే అర్థం గల క్రియనుండి వచ్చింది. ‘మస్టరు’ లాటిన్‌లో చూపడమనే అర్థం గల ‘మోన్‌స్త్రారే’కు సంతానం. కూలిపనుల చోట ‘మస్టరు పడింది’ అనే తెలుగువారికి ఇది సుపరిచితమే. ఈ పదాలన్నీ ఒక అధికారి బల్ల చుట్టూ తిరుగుతాయి. పేరు వ్రాయడం, పట్టీ చుట్టడం, ఎత్తి చూపడం వీటి పని. మనిషి వీటిలో ఒక పేరు, ఒక పంక్తి.

రిక్రూట్ ఈ కోవకు చెందినది కాదు. దానికి కాగితంతోగాని కలంతోగాని సంబంధం లేదు. లాటిన్‌లో ‘క్రేస్కెరె’ అంటే పెరగడం. ఇందులోని ‘స్క్’ ప్రత్యయం క్రియారంభాన్ని, క్రమవృద్ధిని సూచించేది. దానికి ‘మరల’ అనే అర్థం గల ‘రె’ ఉపసర్గ చేరితే ‘రెక్రేస్కెరె’, అనగా మళ్లీ పెరగడం. ఇది ఫ్రెంచిలో ‘రెక్రువాత్ర్’ అయింది. దాని భూతకృదంత స్త్రీలింగరూపం ‘రెక్రూ’. మళ్లీ పెరిగినది, కొత్త పెరుగుదల అని దాని అర్థం. యుద్ధంలో తరిగిపోయిన దళానికి కొత్తగా వచ్చి కలిసిన జనాన్ని ఫ్రెంచివారు ఈ మాటతో పిలిచారు. ‘రెక్రూత్’ అనేది దీనికే మరొక రూపం. దానినుండి పుట్టిన క్రియ 17వ శతాబ్ది పూర్వార్ధంలో ఆంగ్లంలో ప్రవేశించింది.

ఈ పదానికి పండితుల ఆదరం వెంటనే లభించలేదు. ఫ్రెంచి నాటకకర్త రసీన్ 17వ శతాబ్ది చివర తన కుమారునికి వ్రాసిన లేఖలో, ‘రెక్రూతే’ అనే క్రియ హాలండు వార్తాపత్రికలలోని అపభ్రష్ట ప్రయోగమని, దాని బదులు ‘రెక్రూ’ శబ్దంతో కూడిన పాత పలుకుబడినే వాడవలసిందని మందలించాడు. శిష్టప్రయోగం కోసం తండ్రి కుమారుని మందలించడం ప్రాచ్య కళాశాలల వారికి వింతగా తోచదు. రసీన్ మాట నిలువలేదు. పత్రికల మాటే నిలిచింది. ఆ క్రియ ఆంగ్లంలోకే కాక ఇతర ఐరోపా భాషలలోకీ ప్రాకింది. స్పానిషులో ‘రెక్లూతా’, జర్మన్, రష్యన్ భాషలలో ‘రెక్రూత్’ అని స్వల్పభేదంతో స్థిరపడింది.

‘క్రేస్కెరె’ సంతానం చాల పెద్దది. వృద్ధినందే చంద్రరేఖ ‘క్రెసెంట్’. ‘ఇంక్రీజు’ పెరగడం, ‘డిక్రీజు’ తరగడం. వేర్వేరు పదార్థాలు కలిసి ఒకటిగా పెరిగి గట్టిపడినది ‘కాంక్రీటు’. ఓడలోను, నేడు సినిమాలోను పనిచేసే బృందానికి పేరైన ‘క్రూ’ కూడా ఈ ఇంటిదే. అది మొదట దళానికి అదనంగా పెరిగి వచ్చిన జనమనే అర్థంలో ప్రయుక్తమైంది. ధాన్యదేవత ‘కేరెస్’ పేరు కూడా ఈ మూలంలోనిదే. కనుక రిక్రూట్ అనే మాట పుట్టింది కచేరీలో కాదు, చేలో అనవచ్చు.

చెరకు సేద్యం ఎరిగినవారికి ఈ భావం సుబోధం. మొక్కతోట నరికిన తరువాత మోళ్లు భూమిలోనే ఉంటాయి. నీరు పెట్టి ఎరువు వేస్తే ఆ మోళ్లనుండి పిలకలు లేచి మరొక తోట అవుతుంది. దానిని కార్శి అంటారు. కార్శికి రెండు నియమాలున్నాయి. మొదటిది, నరకడం జరిగి ఉండాలి. నరకనిదే మళ్లీ పెరగడం అనే మాటకు తావు లేదు. రెండవది, భూమిలో మోడు బ్రతికి ఉండాలి. వేరు చచ్చిన చోట ఎంత నీరు పెట్టినా కార్శి రాదు. రిక్రూట్ శబ్దం ఈ రెండు నియమాలనూ గర్భంలో దాచుకొని ఉంది. ఆ పదం పలికిన ప్రతిసారీ, ఎవరో పోయారనీ, పోయినా వేరు మిగిలి ఉందనీ, రెండు మాటలు పలుకకుండానే పలుకుతున్నట్లు లెక్క.

ఆంగ్లంలో ప్రవేశించిన తరువాత చాలకాలం ఈ శబ్దం తన మూలార్థాన్ని విడువలేదు. 17, 18, 19 శతాబ్దాల ఆంగ్లరచనలలో జబ్బుపడి లేచినవాడు పల్లెకు పోయి తన ఆరోగ్యాన్ని ‘రిక్రూట్’ చేసుకుంటాడు. అలసిన గుర్రాలు పచ్చికబయటిలో బలాన్ని రిక్రూట్ చేసుకుంటాయి. దూరప్రయాణం చేసే ఓడలు రేవులలో ఆగి మంచినీటిని, ఆహారాన్ని రిక్రూట్ చేసుకుంటాయి. ఈ ప్రయోగాలలో నియామకం లేదు, జీతం లేదు, అధికారి లేడు. తరిగినది మరల పూర్ణం కావడం ఒక్కటే ఉంది.

రాజకీయ చరిత్రలో దీనికొక విశిష్ట ప్రయోగం కనబడుతుంది. ఇంగ్లండులో 1640లో సమావేశమైన దీర్ఘ పార్లమెంటు అంతర్యుద్ధంలో చీలిపోయింది. రాజపక్షం వహించిన సభ్యులు బహిష్కృతులైనారు, కొందరు మరణించారు. ఆ స్థానాలకు 1645 నుండి ఉప ఎన్నికలు జరిపారు. అలా వచ్చిన కొత్త సభ్యులను చరిత్రకారులు ‘రిక్రూటర్లు’ అంటారు. రిక్రూటరు అనగా ఇతరులను చేర్చుకొనేవాడు అని నేటి అర్థం. అక్కడ మాత్రం సభను తిరిగి నిండుగా పెంచినవాడు అని అర్థం.

18వ శతాబ్ది ఆరంభానికి అర్థసంకోచం బలపడింది. జార్జి ఫార్కర్ 1706లో ప్రదర్శించిన ‘రిక్రూటింగ్ ఆఫీసర్’ నాటకం ఒక చిన్న పట్టణానికి సైనికులను పోగుచేయ వచ్చిన అధికారుల హాస్యకథ. అప్పటికే ఈ మాటకు కావలసిన పరివారమంతా ఏర్పడింది. డప్పు, ఎర్రకోటు, సారాయి, అరచేతిలో పెట్టే రాజుగారి షిల్లింగు దానికి హంగులైనాయి. ఆ షిల్లింగు తీసుకున్నవాడు సైన్యానికి కట్టుబడినట్లే. పెరుగుదల అనే అర్థం వెనుకకు పోయి, పట్టుకోవడం అనే అర్థం ముందుకు వచ్చింది. పూర్వం దళం మళ్లీ పెరగడాన్ని చెప్పిన మాట, ఇప్పుడు ఆ దళానికి దొరికిన మనిషి పేరైంది.

ఈ అర్థపరిణామంలోని బాధ రష్యాలో కనబడినంత స్పష్టంగా మరెక్కడా కనబడదు. మొదటి పీటరు చక్రవర్తి 1705లో ఇరవై ఇళ్లకు ఒక మనిషి చొప్పున సైన్యానికి పంపవలసిందని శాసించాడు. ఆ మనిషికి ‘రెక్రూత్’ అని పేరు. సేవ యావజ్జీవం. 1793లో దానిని 25 ఏండ్లకు తగ్గించారు. 1874లో సార్వత్రిక సైనికసేవ వచ్చేదాకా ఈ పద్ధతి మార్పులతో సాగింది. ఎంపికైనవాని నుదుటిమీది జుట్టు గొరిగేవారు. అందుచేత ‘నుదురు గొరగడం’ అంటే సైన్యానికి పట్టుకుపోవడమని రష్యన్ పలుకుబడి. ఊరివారు వానిని సాగనంపే తీరు పెండ్లివారిని సాగనంపే తీరు కాదు. ఉత్తర రష్యా పల్లెలలో చనిపోయినవారికోసం ఏడ్చినట్లే రెక్రూతుల కోసం స్త్రీలు శోకాలు పెట్టేవారు. బార్సోవ్ అనే జానపద విద్వాంసుడు సంకలనం చేసిన శోకగీతాల రెండవ సంపుటం 1882లో వెలువడింది. రెక్రూతుల కోసం, సైనికుల కోసం పెట్టిన శోకాలే అందులోని విషయం. ఇరీనా ఫెదోసోవా అనే నిరక్షరాస్యురాలు అటువంటి శోకాలకు పేరుపొందిన గాయని.

‘మళ్లీ పెరిగినది’ అనే అర్థం గల పదం ఒక తల్లి నోట మరణవాచకం కావడం శబ్దచరిత్రలో అరుదైన విపర్యాసం. అయితే ఇందులో వైరుధ్యం లేదు. సైన్యం వైపునుండి చూస్తే పెరుగుదల, ఇంటివైపునుండి చూస్తే తరుగుదల. దళానికి మొలిచిన పిలక ఏదో ఒక పెరటిలో పెరికినదే. ఎవరి వృద్ధి అనే ప్రశ్నను ఆ శబ్దం ఎన్నడూ వేసుకోలేదు. వేసినవారు ఏడ్చిన స్త్రీలు.

తెలుగుదేశానికి కూడా ఈ ప్రశ్న కొత్తది కాదు. 19వ శతాబ్దంలో మద్రాసు రేవునుండి, ఉత్తర కోస్తా రేవులనుండి కూలీలను సముద్రం దాటించిన వ్యవస్థలో రిక్రూటరు ఒక ముఖ్య పాత్ర. తలకింత అని అతనికి ప్రతిఫలం. మలయాకు కంగాణి, బర్మాకు మేస్త్రి ఈ పనే చేసేవారు. చెరకుతోటలలో పనికోసం మద్రాసునుండి బయలుదేరిన ‘ట్రూరో’ అనే ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బను చేరింది. నేటాలుకు వెళ్లిన తొలి ఒప్పందకూలీలు వారే. ఆ తరువాతి ఓడలలోను తెలుగువారు వెళ్లారు. ఫిజీకి దక్షిణాది కూలీల రవాణా 1903లో మొదలైంది. బర్మాలో తెలుగువారికి ‘కోరంగీలు’ అనే పేరు వారు ఓడ ఎక్కిన కోరంగి రేవునుబట్టి వచ్చింది. తోటలు పెరిగాయి, పల్లెలు తరిగాయి. కాని ఇక్కడ ఒక విశేషం చెప్పకపోతే సత్యం సగమే అవుతుంది. మారిషసులో నేటికీ ఉగాది ప్రభుత్వ సెలవుదినం. ఒక చోట పెరికిన మొక్క వేరొక చోట వేరు పట్టి, మాటను పండుగను నిలుపుకొని, మళ్లీ పెరిగిందనడానికి అది సాక్ష్యం. రిక్రూటరు ఉద్దేశించనిది, రిక్రూట్ శబ్దం మాత్రం మొదటినుండి చెప్పుతున్నది, అక్కడ జరిగింది.

ఇక ఈ పదానికి తెలుగు చేసిన అనువాదాలను విచారించవలసి ఉంది. కచేరీ తెలుగులో రిక్రూట్‌మెంటుకు ‘నియామకం’, ‘భర్తీ’ అని రెండు పర్యాయాలు రూఢమైనాయి. ‘నియామక’ శబ్దం ‘ని’ ఉపసర్గపూర్వకమైన ‘యమ్’ ధాతువునుండి వచ్చినది. కొందరు భావించినట్లు ‘యుజ్’ ధాతుజన్యం కాదు. యమ్ అంటే అదుపుచేయడం, నిలుపడం. సంస్కృతంలో నియామకుడు నియమించేవాడు, ఓడ నడిపేవాడు. ఈ పదంలో కళ్లెం ఉంది, చుక్కాని ఉంది, చిగురు లేదు.

‘భర్తీ’ చరిత్ర ఇంకా రమ్యం. ఇది నింపడమనే అర్థం గల హిందీ ‘భర్‌నా’ నుండి పుట్టిన మాట. ఆ క్రియకు మూలం సంస్కృతంలోని ‘భృ’ ధాతువు. ధారణ, పోషణ దాని అర్థాలు. మోయడంనుండి నింపడానికి అర్థం ప్రాకృతాల దారిలో జారింది. భర్త, భృతి, భృత్యుడు ఈ ధాతువు సంతానమే. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో సేనను ఆరు విధాలుగా విభజించాడు. మౌలం, భృతం, శ్రేణి, మిత్రం, అమిత్రం, అటవీ అని వాటి పేర్లు. వాటిలో ముందరిది వెనుకటిదానికంటె శ్రేయస్కరమని ఆయన మతం. జీతమిచ్చి పోషించే సేన భృతబలం. నేటి భర్తీకి అది జ్ఞాతి. దానికి ముందున్నది మౌలబలం. మూలమంటే వేరు. తరతరాలుగా రాజ్యంలో వేరుపట్టి ఉన్న సేన అది. భృతబలం నింపితే వస్తుంది. మౌలబలం పెరిగితేనే వస్తుంది. లాటిన్ శబ్దంలోని భావం కౌటిల్యుని లెక్కలో భృతంకంటె మౌలానికే దగ్గర.

అయితే ఆరోగ్యం కోలుకోవడం, చంద్రుడు పెరగడం, తరిగిన దళం నిండడం అనే మూడర్థాలనూ ఒక్కటిగా చెప్పగల సంస్కృత శబ్దం లేదా? అధ్యాపకుని విచారణ ఇక్కడ కొన్ని రోజులు ఆగింది. చివరకు సమాధానం ఆయన ఏటేటా పాఠం చెప్పే చోటనే దొరికింది. వృద్ధి అనే అర్థంలో ‘ప్యాయ్’ అనే ధాతువు ఉంది. నిష్ఠాప్రత్యయం పరమైనప్పుడు దీనికి ‘పీ’ ఆదేశం వచ్చి ‘పీన’ శబ్దం సిద్ధిస్తుంది. ‘ఆ’ ఉపసర్గ చేరిన చోట, వృద్ధినందిన చంద్రునికి ‘ఆప్యాన’ అనే రూపాన్ని వ్యాఖ్యాతలు ఉదాహరించారు. ‘ఆప్యాయనం’ అంటే మరల నిండేట్లు, ఉబ్బేట్లు, పెరిగేట్లు చేయడం. సోమయాగంలో వాడిన సోమలతను జలస్పర్శతో ఆప్యాయనం చేస్తారు. ఆయుర్వేదంలో క్షీణించిన ధాతువులకు ఆప్యాయనం చెప్పబడింది. ఆంగ్లేయులు చంద్రరేఖను, రోగి కోలుకోవడాన్ని, దళం నిండడాన్ని ఏ మూలంనుండి పుట్టిన పదాలతో చెప్పారో, ఆ భావాలకు ఇక్కడ ఈ ధాతువు సరిపోతుంది. రెండు భాషలూ వేర్వేరు ధాతువులతో ఒకే చెట్టును చూశాయి.

తెలుగు ఈ శబ్దాన్ని మరొక మెట్టు ఎక్కించింది. ‘ఆప్యాయత’ అంటే తెలుగువారికి ప్రేమపూర్వకమైన ఆదరం. ఇంటికి వచ్చినవాని ఆకలిని, అలసటను తీర్చి మళ్లీ మనిషిని చేసే గుణం అది. వృద్ధివాచకం ప్రేమవాచకమైంది. నియామకపత్రంలో ఈ పదం వాడమని ఎవరూ అడగరు. వాడితే నవ్వుతారు కూడా. పరిపాలనకు ఖాళీల సంఖ్య కావాలి, ఆప్యాయనం అక్కరలేదు. అయినా అనువాదంలో పోయినది ఏమిటో తెలిసి ఉండడం అవసరం. నింపడం వేరు, పెరగడం వేరు. కుండను నింపవచ్చు, చెట్టును నింపలేము.

ఈ భేదాన్ని ఈనాడు మరువనివారు మత్స్యశాస్త్రజ్ఞులు. పిల్లచేపలు పెరిగి, వలకు అందే ఈడుకు వచ్చి, మందలో కలవడాన్ని వారు ‘రిక్రూట్‌మెంటు’ అంటారు. ఇన్ని శతాబ్దాల తరువాత ఆ శబ్దం అక్కడ పుట్టింటికి చేరినట్లయింది. వారు చెప్పే ప్రమాదం ఒకటుంది. గ్రుడ్లు పెట్టగల తల్లిచేపలను మితిమీరి పట్టితే, మరుసటి తరం పుట్టదు. అప్పుడు మంద తనను తాను పూరించుకోలేదు. కెనడా తూర్పుతీరంలో న్యూఫౌండ్లాండు వద్ద శతాబ్దాలుగా ఆహారమైన కాడ్ చేప మితిమీరిన వేటవల్ల క్షీణించి, 1992లో ఆ వేటనే నిషేధించవలసి వచ్చింది. నిషేధించిన వెంటనే చేప తిరిగి రాలేదు. వేరు చెడిన తరువాత నరకడం మానినంత మాత్రాన కార్శి లేవదు.

అధ్యాపకుడు ఈ సంగతి చదివిన రోజుననే కార్యాలయంవారు సిబ్బంది పట్టిక ఆయన ముందు ఉంచారు. మంజూరైన పదవులు ఒక గడిలో, పనిచేస్తున్నవారు ఒక గడిలో, ఖాళీలు ఒక గడిలో ఉన్నాయి. ఖాళీల గడిలో నాలుగు అని ఉంది. ఆయన విశ్రాంతి తేదీ చూసి గుమాస్తా పెన్సిలుతో పక్కన ఐదు అని వేసుకున్నాడు. అందులో దోషం ఏమీ లేదు, లెక్క లెక్కే. ఆ నాలుగింటిలో ఒకటి ఆయన గురువుగారిది. అది ఖాళీ అయి ఎన్నేళ్లయిందో ఆ పట్టికలో వ్రాసే గడి లేదు. ఖాళీ నేడు పుట్టినా ఇరవై ఏండ్లనాడు పుట్టినా పట్టికకు ఒక్కటే. చెట్టుకు ఒక్కటి కాదు. మొన్న నరికిన మోడు చిగిరిస్తుంది; ఇరవై ఏండ్ల మోడు చెదలు పట్టి ఉంటుంది. ఒక శాస్త్రం చెప్పగలవారు లేకపోతే చదివేవారు ఉండరు. చదివేవారు లేకపోతే రేపు ఖాళీలన్నీ ఒక్కసారి భర్తీ చేద్దామన్నా, భర్తీ కావడానికి మనుషులు దొరకరు. పిల్లచేప లోపం కాదది, తల్లిచేప లోపం.

రెండు నెలల తరువాత విద్యార్థి మిఠాయి పొట్లంతో వచ్చి పాదాలకు నమస్కరించాడు. పరుగు, వైద్యపరీక్ష, వ్రాతపరీక్ష అన్నీ గట్టెక్కాయి. శిక్షణకు పిలుపు వచ్చింది. అధ్యాపకుడు మనఃపూర్వకంగా ఆశీర్వదించారు. ఆ ఇంటిలో ఇద్దరు చెల్లెళ్లు ఉన్నారని, తండ్రి కౌలురైతని ఆయన ఎరుగుదురు. ఒకరి పెరుగుదలను మరొకరి తరుగుదలగా మాత్రమే చూసి దిగులుపడే హక్కు గురువుకు లేదు. అయినా హాజరుపట్టీలో ఒక పేరు తగ్గుతుందన్నది ఇద్దరికీ తెలుసు.

విద్యార్థి కొంతసేపు నిలబడి అడిగాడు. “గురువుగారూ, మీరు వెళ్లిపోతే మీ ఖాళీ ఎవరితో భర్తీ చేస్తారండి?”

“నింపడం ప్రభుత్వం పని నాయనా. అది మన చేతిలో లేదు. నీ సిద్ధాంతకౌముది ఏం చేశావు?”

“మొదటి సంవత్సరం అమ్మాయి ఒకామె అడిగితే ఇచ్చానండి. మీరు చెప్పిన నోట్సు కూడా అందులోనే ఉందండి. తనంతట తానే చదివి కారకప్రకరణం దాకా వచ్చిందండి. అక్కడ ఆగిపోయింది.”

“ఆగక ఏం చేస్తుంది? అక్కడ చెప్పేవారు కావాలి.” ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “రేపటినుండి సాయంత్రం ఐదింటికి మా ఇంటికి రమ్మను. నా విశ్రాంతికీ దానికీ సంబంధం లేదని చెప్పు.”

విద్యార్థి తల ఊపి వెళ్లాడు. మరునాడు సాయంకాలం ఐదు కావడానికి పది నిమిషాలముందే ఆయన వీధి అరుగుమీద చాప పరిపించారు.